‘సైటు’ అనే ఒక్క మాట చాలదు

(నెల్లిమర్లలో నేత్ర పరీక్షా శిబిరానికి ముందురోజు జరిగిన అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము వైద్యులము కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవారము. రేపు శిబిరంలో మన కళ్లను పరీక్షించేది వైద్యులు. వారి ఎదుట కూర్చోవడానికి ముందు మనకు తెలిసి ఉండవలసిన కొన్ని సంగతులను, మాకు తెలిసినంతలో మీ ముందుంచడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మన ప్రాంతంలో చూపుకు ఏ ఇబ్బంది కలిగినా ఒకే మాట వినిపిస్తుంది: “సైటొచ్చింది.” నల్లబల్ల మీది అక్షరాలు కానరాని ఏడో తరగతి పిల్లకు సైటే. సూదిలో దారం ఎక్కించలేని నలభై అయిదేళ్ల తల్లికీ సైటే. సాయంత్రమయ్యేసరికి నుదురు పగిలిపోయే దర్జీకి సైటే. రెండు కళ్లలో ఒక కన్ను మసకగా ఉన్న పిల్లవాడికీ సైటే. ఇవి నాలుగు వేర్వేరు లోపాలు. వీటి కారణాలు వేరు, పరిహారాలు వేరు, పరిహారానికి ఉన్న గడువులూ వేరు. అన్నింటినీ ఒకే మాటతో పిలవడం వల్ల అన్నింటికీ ఒకే నిర్లక్ష్యం దక్కుతున్నది.

కార్యాలయాలలో మేము నేర్చుకున్న మొదటి పాఠం ఒకటుంది. అర్జీ ఏ శీర్షిక కింద నమోదైతే ఆ సెక్షనుకే వెళుతుంది. శీర్షిక తప్పిందంటే అర్జీదారు చెప్పులరిగేలా తిరిగినా ఆ కాగితం కదలదు. కంటి జబ్బుల విషయంలోనూ అంతే.

మా తప్పుతోనే మొదలుపెడతాము. మా నలభై మూడవ ఏట ఒక వితంతువు కుటుంబ పింఛను ఫైలులో బ్యాంకు ఖాతా సంఖ్యలోని 3ను 8గా రాశాము. రెండు నెలలు ఆమెకు పింఛను అందలేదు. ఆమె మూడుసార్లు మా బల్ల ముందుకు వచ్చింది. మూడుసార్లూ “పైనుంచి రావాలమ్మా” అని చెప్పి పంపివేశాము. గదిలో వెలుతురు చాలదనీ, కార్బను కాపీలు మసకగా ఉంటున్నవనీ మమ్మల్ని మేమే నమ్మించుకున్నాము. చివరకు పక్క బల్ల మిత్రుడు, “కాగితాన్ని అంత దూరంగా పట్టుకుంటున్నారేమిటండీ, చెయ్యి చాలడం లేదా?” అని నవ్వాడు. అప్పుడు వెళ్లి పరీక్ష చేయించుకున్నాము. అది చత్వారం. నలభై దాటిన మనిషికి వచ్చే అతి సాధారణమైన మార్పు. కళ్లజోడు పెట్టుకుంటే ముసలితనం వచ్చిందంటారన్న బిడియంతో దాదాపు మూడేళ్లు దానిని దాచుకున్నాము. లోపం మా కంటిది. ఆగిపోయినది మా జీతం కాదు, ఆమె పింఛను. ఈ రోజు ఈ వేదిక ఎక్కడానికి మాకున్న కారణం అదే.

ఇక కన్ను ఎలా పనిచేస్తుందో చూద్దాం. కంటిలో నుంచి కిరణాలు వెలువడి వస్తువును తాకడం వల్ల మనకు చూపు కలుగుతుందని ప్రాచీన గ్రీకు పండితులలో కొందరు భావించారు. పదకొండవ శతాబ్దపు తొలినాళ్లలో కైరో నగరంలో ఇబ్నుల్ హైసమ్ ‘కితాబుల్ మనాజిర్’ అనే గ్రంథం రాసి, వస్తువు నుంచి వచ్చే వెలుతురు కంటిలో ప్రవేశించడమే చూపు అని వాదించి నిరూపించాడు. నేటి కళ్లజోడు వెనుక ఉన్న శాస్త్రానికి ఆయన వేసిన పునాది గొప్పది. ఆయన పేరు చెప్పుకొని గర్వించే మనం, మన ఇంటి పిల్ల కళ్లను పరీక్ష చేయించకపోవడం ఆయనకు చేసే గౌరవం కాదు.

కంటిలో ప్రవేశించిన వెలుతురు వంగి, వెనుక గోడ మీద ఉన్న రెటీనా అనే పొరపై సరిగ్గా కేంద్రీకరించాలి. దీనికి రెండు ఏర్పాట్లున్నాయి. మొదటిది కంటి ముందున్న పారదర్శకమైన కార్నియా. అది స్థిరంగా ఉంటుంది. కంటికి గల సుమారు 60 డయాప్టర్ల శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు దానిదే. రెండవది లోపలి కటకం. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కంటిలోని కండరం బిగుసుకొని, కటకం ఉబ్బి, చూపును సర్దుతుంది. మొదటి ఏర్పాటులో గాని, కనుగుడ్డు పొడవులో గాని వచ్చే తేడాలను వక్రీభవన దోషాలంటారు. రెండవ ఏర్పాటులో వచ్చేవి సర్దుబాటు దోషాలు. ఈ రెండింటినీ స్పష్టంగా విడదీసి చూపినవాడు నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ నగరానికి చెందిన వైద్యుడు డాండర్స్. 1864లో వెలువడిన ఆయన గ్రంథం పేరులోనే ఈ రెండు మాటలూ ఉన్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధులన్నింటికీ ఒక పట్టిక నిర్వహిస్తున్నది. దానిని అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ అంటారు. 1990లో ఆమోదం పొందిన దాని పదవ కూర్పులో హెచ్ 52 అనే శీర్షిక పూర్తిగా ఈ దోషాలదే. 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన పదకొండవ కూర్పు వక్రీభవనానికీ, సర్దుబాటుకూ వేర్వేరు శీర్షికలు ఇచ్చింది. పదవ కూర్పులోని గడులను గుమాస్తా పద్ధతిలోనే ఒక్కొక్కటిగా చదువుదాం.

మొదటి గడి దీర్ఘదృష్టి. కనుగుడ్డు పొట్టిగా ఉండడం వల్ల గాని, వంచే శక్తి తక్కువ కావడం వల్ల గాని వెలుతురు రెటీనా వెనుక కేంద్రీకరించబోతుంది. చిన్న వయసులో కటకం కష్టపడి ఈ లోటును పూడ్చుతుంది కాబట్టి, పిల్లవాడు అక్షరాలన్నీ చదవగలిగినా తలనొప్పితో బాధపడతాడు. కొందరు పిల్లలకు మెల్లకన్ను రావడానికీ ఇదే కారణం. మెల్లకన్ను అదృష్టమని మురిసిపోయే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి అలా మురిసిపోకండి. దీనికి ప్లస్ అద్దాలు కావాలి.

రెండవ గడి హ్రస్వదృష్టి. పెద్దవారి కనుగుడ్డు పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. అది ఒక్క మిల్లీమీటరు పెరిగినా రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల మైనస్ వస్తుంది. దగ్గరివి బాగా కనిపిస్తాయి, దూరానివి అలుక్కుపోతాయి. ఎదిగే వయసులో ఈ సంఖ్య పెరుగుతుంది. అద్దాలు పెట్టడం వల్ల పెరుగుతుందని అపోహ ఉన్నది. కనుగుడ్డు ఎదుగుతున్నందువల్ల పెరుగుతుంది, అద్దాల వల్ల కాదు. రోజుకు రెండు గంటలైనా ఆరుబయట వెలుతురులో గడిపే పిల్లలలో ఈ లోపం తక్కువగా మొదలవుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. బడి, ట్యూషను, అరబీ పాఠం, ఆపైన ఫోను అంటూ పిల్లలను రోజంతా దగ్గరి చూపుకే కట్టివేసే మనం ఇది గమనించాలి.

మూడవ గడి అసమదృష్టి. కార్నియా బంతిలా సమంగా గుండ్రంగా ఉండక, ఒక దిశలో ఎక్కువ, మరొక దిశలో తక్కువ వంపు తిరిగి ఉండడం దీనికి ముఖ్య కారణం. దూరానిదైనా, దగ్గరిదైనా గీతలు చెదిరి కనిపిస్తాయి. చీటీలో సిలిండర్, యాక్సిస్ అని రాసేది దీనికోసమే. యాక్సిస్ అంటే ఆ అద్దాన్ని బిగించవలసిన కోణం. అందువల్ల ఒకరి జోడు మరొకరికి పనికిరాదు. సంతలో కొన్న జోడు ఈ లోపాన్ని సరిచేయదు.

నాలుగవ గడి రెండు కళ్ల మధ్య తేడా. ఒక కంటి సంఖ్యకూ, రెండవ కంటి సంఖ్యకూ పొంతన లేకపోవడం. వినడానికి చిన్న విషయంగా ఉంటుంది. నిజానికి పిల్లలలో ఇది అన్నింటికంటే మోసకారి. మంచి కన్నుతో పని జరిగిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మసక బొమ్మను పంపే కంటిని మెదడు క్రమంగా పక్కన పెట్టివేస్తుంది. దానిని మందదృష్టి అంటారు. ఏడెనిమిదేళ్ల లోపు గుర్తించి, అద్దాలిచ్చి, మంచి కంటిని కొన్ని గంటలు మూసి ఉంచి, బలహీనమైన కంటి చేత పనిచేయిస్తే చాలావరకు కోలుకుంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ అవకాశం తగ్గిపోతుంది. మేము ఒక పిల్లవాడిని పదమూడవ ఏట ఆసుపత్రికి తీసుకువెళ్లాము. ఐదేళ్ల వయసులోనే ఆ తల్లికి అనుమానం వచ్చింది. “ఎదిగితే అదే సర్దుకుంటుంది” అని ఇంటి పెద్దలు ఊరుకోబెట్టారు. వైద్యుడు పరీక్ష ముగించి తండ్రి వైపు తిరిగి, “కొంచెం ముందు తేవలసింది” అన్నాడు. అంతకుమించి ఆయన ఏమీ అనలేదు. ఆ తండ్రి తిరుగు ప్రయాణంలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

అయిదవ గడి చత్వారం. కటకం వయసుతో గట్టిపడి ఉబ్బే గుణం కోల్పోతుంది. డాండర్స్ లెక్క ప్రకారం పదేళ్ల పిల్లవాడికి సర్దుబాటు శక్తి సుమారు 14 డయాప్టర్లు. నలభై ఏళ్లకు నాలుగున్నర. అరవై ఏళ్లకు ఒకటి. పుస్తకాన్ని 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకొని చదవడానికి రెండున్నర కావాలి. లెక్క స్పష్టంగా ఉన్నది. ఇది జబ్బు కాదు, ఎవరి పాపమూ కాదు, దిష్టీ కాదు. ప్రతి మనిషికీ వచ్చేదే.

ఆరవ గడి సర్దుబాటు దోషాలు. కొందరిలో కండరం బిగుసుకొని సడలకుండా ఉండిపోతుంది. గంటల తరబడి కుట్టుపని, అల్లికపని, ఫోను చూసేవారిలో ఇది కనిపిస్తుంది. అప్పుడు లేని హ్రస్వదృష్టి ఉన్నట్లు తోస్తుంది. తొందరపడి మైనస్ అద్దాలిస్తే తలనొప్పి పెరుగుతుంది. పిల్లలకు చుక్కల మందు వేసి పరీక్ష చేసేది ఈ భ్రమ తొలగించడానికే. చుక్కలు వేసిన తరువాత కొన్ని గంటలు, ఒక్కొక్క మందుకు ఇంకా ఎక్కువ కాలం, చూపు మసకగా ఉంటుంది. భయపడి పిల్లవాడిని ఎత్తుకొని ఇంటికి వెళ్లిపోకండి. ఇందుకు విరుద్ధంగా కొందరిలో కండరం చచ్చుబడుతుంది. తల దెబ్బ, కొన్ని మందులు, డిఫ్తీరియా వంటి జబ్బులు కారణం కావచ్చు. వయసు రాకముందే దగ్గరి చూపు హఠాత్తుగా పోతే అది చత్వారం కాదు. వెంటనే వైద్యునికి చూపించాలి.

ఆ తరువాత ‘ఇతరములు’ అని ఒక గడి ఉన్నది. చిట్టచివరి గడి పేరు ‘వివరం తెలియనిది.’ మనం “సైటొచ్చింది” అని ఊరుకున్న ప్రతిసారీ మన పిల్లలనూ, మన తల్లులనూ ఆ చివరి గడిలో పడవేస్తున్నాము.

సోదరులారా, గడులకు ఇంత ప్రాధాన్యమెందుకని మీరు అడగవచ్చు. దీనికి ప్రపంచ చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉన్నది. చాలాకాలం పాటు చూపు లోపం ఉన్నవారిని లెక్కించేటప్పుడు, మంచి అద్దాలు పెట్టి చూసిన తరువాత కూడా కనిపించనివారినే లెక్కలోకి తీసుకునేవారు. అంటే అద్దాలు కొనలేని పేదవాడు దారి తడుముకుంటున్నా, పరీక్ష గదిలో అద్దం పెట్టగానే అతనికి కనిపించింది కాబట్టి, కాగితం మీద అతనికి ఏ లోపమూ లేదు. 2003లో జెనీవాలో జరిగిన నిపుణుల సమావేశం, మనిషి తన నిత్యజీవితంలో ఎలా చూస్తున్నాడో ఆ చూపునే కొలవాలని సిఫారసు చేసింది. ఆ పద్ధతిలో లెక్కవేయగా, 2004 నాటికి సరైన అద్దాలు లేక చూపు దెబ్బతిన్నవారు ప్రపంచంలో 15 కోట్ల 30 లక్షల మంది ఉన్నారని తేలింది. ఈ సంఖ్యలో దగ్గరి చూపు పోయినవారు లేరు. నిన్నటిదాకా లేని కోట్ల మంది ఒక్కసారిగా పుట్టుకురాలేదు. గడి లేనందువల్ల కనిపించలేదు, అంతే.

మన రాష్ట్రంలోనూ ఒక మంచి లెక్క ఉన్నది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు నాటి ఉమ్మడి రాష్ట్రంలో 10,293 మందిని పరీక్షించింది. మధ్యస్థాయి చూపు లోపం ఉన్నవారిలో 45.8 శాతానికి కారణం వక్రీభవన దోషమే. శుక్లాలు కూడా ఆ తరువాతి స్థానంలోనే నిలిచాయి. పూర్తి అంధత్వంగా నమోదైన వారిలో సైతం 16.3 శాతం మందికి కారణం ఇదే. ఒక జత అద్దాలతో పోయే చీకటి అది. ఆ అధ్యయనం హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో జరిగింది. మన ఉత్తరాంధ్ర అందులో లేదు. మన లెక్క మనమే అడిగి చేయించుకోవాలి.

ఇక్కడ చట్టం సంగతి కూడా ఒకటి చెప్పాలి. సదరం ధ్రువపత్రం కోసం మా వద్దకు వచ్చేవారిలో కొందరు, మందపాటి అద్దాలు చూపించి తమకు వికలాంగ పింఛను రాదా అని అడుగుతారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, సాధ్యమైనంత మంచి అద్దాలు పెట్టిన తరువాత మిగిలే చూపునే కొలుస్తుంది. అద్దాలతో చూపు వచ్చేవారికి ఆ చట్టం వర్తించదు. ఇది న్యాయమే. కాని దాని మరో అర్థం కూడా గ్రహించాలి. అద్దాలు పెడితే చూపు వస్తుందని చెప్పి పింఛను ఇవ్వనప్పుడు, ఆ అద్దాలు అతనికి అందేలా చూడవలసిన బాధ్యత కూడా ప్రభుత్వానిదే కావాలి. అటు పింఛనూ లేక, ఇటు అద్దాలూ లేక మధ్యలో నిలిచిపోయినవాడే మన ఇరుగుపొరుగున ఉన్న పేద ముస్లిం.

మన సమాజానికి ఇది మరింత ముఖ్యం. ముస్లింలలో స్వయం ఉపాధి మీద బ్రతికేవారు ఎక్కువనీ, ముస్లిం శ్రామిక స్త్రీలలో ఇంటిపట్టున పనిచేసేవారి పాలు ఎక్కువనీ 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పింది. దర్జీ పని, పరుపులు కుట్టడం, గడియారాల మరమ్మతు, ఎంబ్రాయిడరీ. ఇవన్నీ దగ్గరి చూపు మీద ఆధారపడిన పనులు. మన నెల్లిమర్ల జూట్ మిల్లులో తెగిన నూలు పోగును పట్టుకొని ముడివేసే కార్మికుడికీ అదే చూపు కావాలి. అస్సాం తేయాకు తోటలలో నలభై దాటిన కార్మికులకు దగ్గరి చూపు అద్దాలిచ్చి చూస్తే, వారు రోజూ కోసే ఆకు అద్దాలు లేనివారితో పోల్చినప్పుడు సుమారు 22 శాతం ఎక్కువగా పెరిగింది. ఈ ఫలితాలు 2018లో ప్రచురితమైనాయి. అక్కడ పెరిగింది మనిషి కూలి.

పరుపులు కుట్టే ఒక సోదరిని శిబిరానికి రమ్మని పిలిచినప్పుడు ఆమె, “నాకు సదువేటీ లేదు గదన్నా, కళ్లజోడెందుకు?” అన్నది. కళ్లజోడు చదువుకున్నవాళ్ల ఆస్తి అని ఆమె నమ్మకం. అప్పటికి ఆరు నెలలుగా పక్కింటి పిల్ల చేత సూదిలో దారం ఎక్కించుకొని, ఆ పిల్ల బడినుంచి వచ్చేదాకా పని ఆపుకొని కూర్చుంటున్నది. ఖురాన్ పారాయణం మానుకున్న పెద్దలు, ‘వయసైపోయింది’ అనుకుంటున్నారు. వారికి కావలసింది ప్లస్ రెండున్నర అద్దం.

ఆడపిల్లల విషయం మరీ బాధాకరం. నల్లబల్ల కనిపించక లెక్కలన్నీ తప్పుగా దించుకుంటున్న ఏడో తరగతి పిల్లను, చదువు అబ్బడం లేదని బడి మాన్పించబోయారు. పరీక్షిస్తే మైనస్ మూడున్నర. అద్దాలు ఇప్పించాము. “కళ్లజోడు పిల్లకు సంబంధం ఎలా కుదురుతుంది?” అని తండ్రి అడిగాడు. ఇప్పటికీ ఆ పిల్ల బడిలో జోడు పెట్టుకొని, వీధిలోకి రాగానే తీసి సంచిలో వేసుకుంటుంది. ఆమె వీధి దాటే ప్రతిసారీ మాకు గుండె దడ. ఈ సభలో ఉన్న తల్లిదండ్రులను మేము వేడుకొనేది ఒకటే. కోడలిని చూడబోయినప్పుడు కళ్లజోడును లోపంగా చూడడం ముందు మనం మానుదాం.

ఇక అడగవలసినవి అడుగుదాం. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచి ఉన్నది. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న ప్రారంభమైన కంటి వెలుగు పథకం బడి పిల్లలతోనే మొదలైంది. మంచిదే. కాని బడి హాజరుపట్టీలో పేరు లేని పిల్లవాడు ఆ వరుసలో నిలబడడు. మదర్సాలలో చదివే పిల్లలనూ, మెకానిక్ షెడ్లలో పనిచేసే పిల్లలనూ ఆ పట్టీలో చేర్చాలి. పరీక్షా శిబిరాలలో మహిళా సిబ్బంది ఉండాలి, మధ్యాహ్నపు వేళ స్త్రీలకు ప్రత్యేకంగా కేటాయించాలి. చదువు రానివారికి ఈ అక్షరాన్ని నాలుగు దిక్కులకు తిప్పి చూపే పట్టిక వాడాలి. అన్నింటికీ మించి, శిబిరం రిజిస్టరులో ‘సైటు’ అని ఒక్క మాట రాయకుండా లోపం పేరు, రెండు కళ్ల సంఖ్యలు, అద్దాలు అందిన తేదీ విడివిడి గడులలో రాయాలి. అద్దాలు అందిన తేదీ గడి ఖాళీగా ఉంటే, ఎవరిని అడగాలో మనకు తెలుస్తుంది.

ఇక మన వంతు. సంతలో దొరికే జోడు మామూలు చత్వారానికి కొంతవరకు పనికివస్తుంది. కాని నీటికాసుల జబ్బు నొప్పి లేకుండానే చూపును తినివేస్తుంది. దానిని పట్టుకొనేది సంత కాదు, ఆసుపత్రి. మధుమేహం ఉన్నవారికి చక్కెర హెచ్చుతగ్గులతో అద్దాల సంఖ్య మారుతూ ఉంటుంది. ముందు చక్కెర అదుపులోకి తెచ్చుకొని, ఆపైన అద్దాలు చేయించుకోవాలి. మన ఊళ్లోనే మిమ్స్ వైద్య కళాశాల ఉన్నది, విజయనగరంలో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. విశాఖపట్నంలో ఎల్.వి. ప్రసాద్ సంస్థ శాఖ ఉన్నది. దూరం సాకు కాదు.

రేపు శిబిరానికి వచ్చేటప్పుడు పాత చీటీలు, పాత జోళ్లు వెంట తెచ్చుకోండి. పరీక్ష అయిన తరువాత లేచి రాకుండా మూడు ప్రశ్నలు అడగండి. నా లోపం పేరేమిటి? ఏ కంటికి ఎంత? మళ్లీ ఎప్పుడు రావాలి? సమాధానాలను కాగితం మీద రాయించుకోండి. చదువు రానివారి కోసం మేము బల్ల వేసుకొని అక్కడే కూర్చుంటాము. ఈసారి కళ్లజోడు పెట్టుకొనే రాస్తాము.

అల్లాహ్ మనందరి చూపును కాపాడుగాక. వస్సలాం.